బూజు పట్టిన జపాన్ బొమ్మల పటాన్ని బాగు చేయించుకున్నాను: తొమ్మిది నెలల నా అనుభవం

2023 సెప్టెంబరు 9, శనివారం. చలికాలం దుప్పట్లు ఎండలో వేద్దామని ఒషిఇరె తలుపు జరిపాను. జపాన్ ఇళ్ళలో గోడలోనే ఉండే అలమరని అలా అంటారు. అడుగు అరలో, దుప్పట్ల వెనక, ఒక పొడవాటి చెక్కపెట్టె ఉంది. మార్చిలో దాన్ని అక్కడ పెట్టింది నేనే. మూత తీయగానే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. గుండె జారిపోయింది.

ఆ పెట్టెలో ఉన్నది మాకిమోనో, అంటే అడ్డంగా విప్పుకుంటూ చూసే బొమ్మల పటం. మా ఎదురింటి ఒబాచాన్ ఇచ్చింది. ఒబాచాన్ అంటే మనం అమ్మమ్మా అని పిలిచినట్టే. క్యోటోకి వచ్చిన కొత్తలో చెత్త ఏ రోజు బయట పెట్టాలో దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పింది ఆవిడే. 88 ఏళ్ళు వచ్చాక ఇల్లు ఖాళీ చేసి వృద్ధాశ్రమానికి వెళ్తూ, "నువ్వు బొమ్మలు నిలబడి చూస్తావు, నీ దగ్గర ఉంటే నాకు బాగుంటుంది" అని నా చేతిలో పెట్టింది. వాళ్ళ తాతగారు కుర్రతనంలో బొమ్మలు నేర్చుకుంటూ వేసిన నకలు అది. చివర్లో మెయ్‌జీ 28 అని రాసి ఉంది, అంటే 1895. ఎత్తు 27 సెంటీమీటర్లు, పొడవు నాలుగున్నర మీటర్లు, తొమ్మిది కాగితాలు ఒకదానికొకటి అంటించి చేసింది. రాళ్ళ మధ్య దారి, ఆ దారిలో కర్ర పట్టుకుని నడిచే ముసలాయన, వెనకే మూట మోస్తున్న పిల్లవాడు, వంతెన, పడవలో ఇద్దరు, దూరంగా చెట్ల పైన గుడి కప్పు. అంతే. కథంటూ ఏమీ ఉండదు, దారి వెంట కళ్ళు నడుచుకుంటూ పోవడమే.

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇంకొకరు చేయకూడదు. తేమ తగలకూడదని పెట్టె చుట్టూ ప్లాస్టిక్ కవరు చుట్టి, టేపు వేసి మరీ దాచాను. ఆ కవరే కొంప ముంచింది. జూన్, జూలైలో ఇక్కడ వారాల తరబడి ముసురు పడుతుంది, పైగా మా ఒషిఇరె వెనక ఉన్నది బయటి గోడ. లోపలి చెమ్మ లోపలే ఉడికిపోయింది. పటం మొదటి మీటరులో బూడిదరంగు బూజు, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు, వెనక అంటించిన కాగితం బుడగలు లేచి విడిపోతోంది. పాత పురుగు కన్నాలు కూడా ఉన్నాయి, అవి నాకంటే ముందువి.

రెండో తప్పు ఆ వెంటనే చేశాను. కంగారులో టిష్యూ పేపరు తీసి తుడిచాను. బూజు పోలేదు సరికదా, కాగితం నారలోకి దిగి మసకలా పాకింది. టిష్యూకి లేత నీలం అంటింది. అక్కడితో చేతులు వణికి ఆపేశాను. మా ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు, కిటికీ తెరిచాడు.

మర్నాటి నుంచి ఫోన్లు. ఈ పని చేసేవాళ్ళని హ్యోగుషి అంటారు. బొమ్మ వెనక కాగితపు పొరలు అంటించడం, పట్టు అంచులు వేయడం, పాతవి విప్పి మళ్ళీ కట్టడం వీళ్ళ పని. మొదట దొరికిన షాపు చాలా సులువుగా మాట్లాడింది. 45,000 యెన్‌లు, మూడు వారాలు, వేడికి కరిగే జిగురు షీటు వేసి మెషీన్‌తో నొక్కేస్తాం, మడతలు కూడా పోతాయి అన్నారు. దాదాపు సరే అనేశాను. ఆఫీసులో ఒక సహోద్యోగికి చెబితే, "మళ్ళీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఊడుతుందా అని అడుగు" అంది. అడిగాను. ఊడదు, అది ఊడకుండా ఉండడానికే కదా అన్నారు. ఆ జవాబు అప్పుడు నాకు మంచి జవాబులాగే వినిపించింది. ఎందుకు భయపడాలో నెల తర్వాత గానీ పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఏదో అనుమానం వచ్చి ఆగాను. రెండో షాపు వాళ్ళు తలుపులకి కాగితం వేసే పనే చేస్తారట. మూడోది నడి క్యోటోలో ఒక సందులో తండ్రీ కూతుళ్ళు నడిపే దుకాణం. ఫోన్‌లోనే ఆ అమ్మాయి, "విప్పకండి, తుడవకండి, ప్లాస్టిక్ తీసేసి మామూలు కాగితంలో చుట్టి నీడలో ఉంచండి" అంది. ఆ మూడు మాటలు ముందే విని ఉంటే ఎంత బాగుండేది.

సెప్టెంబరు 23న తీసుకెళ్ళాను. పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ముందు పటం విప్పలేదు, వాసన చూశాడు. తర్వాత బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, ఎడమ చేత్తో విప్పుతూ కుడి చేత్తో చుడుతూ, ఒకసారికి భుజాల వెడల్పు మాత్రమే తెరిచాడు. ఈ పటాలు చూసే పద్ధతే అది, కుడి నుంచి ఎడమకి, ఒక్కరు కూర్చుని. మొత్తం పరిచేయరు. నలభై నిమిషాలు ఒక్క మాట లేదు. నా టిష్యూ మసక దగ్గర ఆగి, "తుడిచారా?" అన్నాడు. అవునన్నాను. తిడితే బాగుండనిపించింది. తిట్టలేదు. "ఇక ముట్టుకోకండి, ఇప్పుడది మా పని" అన్నాడు.

కూతురు కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి, పటం మా దగ్గర ఉంది అని రసీదు రాసిచ్చింది. ఆ రసీదు తప్పకుండా తీసుకోండి. అంచనా చెప్పడానికి డబ్బు తీసుకోలేదు గానీ మూడు వారాలు పడుతుందన్నారు.

అక్టోబరు 14న రమ్మన్నారు. అంచనా 2,86,000 యెన్‌లు, పన్నుతో కలిపి. అప్పటి లెక్కన దాదాపు లక్షా అరవై వేల రూపాయలు. పటాన్ని బజార్లో అమ్మితే అందులో ఐదో వంతు కూడా రాదని పెద్దాయనే చెప్పాడు. "అయినా చేయిస్తారా? ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు. డబ్బు టెన్షన్ ఒకటి, దాన్ని మించింది ఇంకొకటి ఎదురైంది. ఆ అమ్మాయి, "ఎంతవరకు బాగు చేయమంటారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కొత్తదానిలా చేయండి అన్నాను. కొత్తదానిలా చేయలేం, చేయం అంది. బూజు తీస్తాం, నీళ్ళతో కడిగి పసుపు దింపుతాం, వెనక పొరలన్నీ తీసి కొత్తవి వేస్తాం. చుక్కల మరకలు కొన్ని తగ్గుతాయి, కొన్ని ఉండిపోతాయి, వాటిని తెల్లబరిచే మందు వేస్తే కాగితం బలం పోతుంది కాబట్టి వేయం. పురుగు కన్నాలకి అదే రకం కాగితం ముక్క సరిగ్గా ఆ ఆకారానికి కత్తిరించి పెడతాం, చుట్టుపక్కల రంగుకి తగ్గట్టు లేతగా రంగు వేస్తాం, కానీ పోయిన గీత గీయం.

నాకు అక్కడ బాధేసింది. మూట మోసే పిల్లవాడి ముఖంలో సగం పురుగు తినేసింది. కనీసం ఆ ఒక్క కన్ను, ముక్కు గీయండి అని బతిమాలాను. ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా అంది, "గీయడం కష్టం కాదు. కానీ గీస్తే అది నా గీత అవుతుంది, ఆ తాతగారిది కాదు. ఇంకో వందేళ్ళకి చూసేవాళ్ళకి ఏది ఎవరిదో తెలియదు." వాళ్ళు వాడే జిగురు కూడా అందుకే తడిపితే ఊడేలా ఉంటుందట. ఈ పటాన్ని మళ్ళీ ఎవరో విప్పుతారు అనుకునే చేస్తారు. వేడి జిగురు షాపు ఎందుకు వద్దో అప్పుడు తెలిసింది.

వారం గడువు అడిగాను. నిజానికి డబ్బు కోసం కాదు, ఒబాచాన్‌కి చెప్పకుండా సంతకం పెట్టడానికి మనసొప్పలేదు. అక్టోబరు 21న ఆశ్రమానికి వెళ్ళాను. బస్సులో ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలూ అనుకున్నాను, తీరా ఆవిడ ఎదురుగా కూర్చునేసరికి "పటానికి బూజు పట్టించేశాను" అని ఏడ్చేశాను. ఆవిడ కాసేపు ఊరుకుంది. తర్వాత, "కర్ర పట్టుకున్న ముసలాయన బాగానే ఉన్నాడా?" అని అడిగింది. బాగానే ఉన్నాడన్నాను. అప్పుడు చెప్పింది, ఈ పటం తడవడం ఇది మొదటిసారి కాదట. ఆవిడ పెళ్ళికి ముందు, 1950ల్లో, తుఫానుకి ఇంటికప్పు కారి తడిసింది, అప్పుడే వాళ్ళ నాన్న బాగు చేయించాడట. "చిన్నప్పుడు ఆ ముసలాయన కర్ర పొడుగ్గా, రాయిని తాకుతూ ఉండేది. పెద్దయ్యాక చూస్తే పొట్టిగా కనిపించేది. పిల్లల కళ్ళకి అన్నీ పెద్దవిగానే కనిపిస్తాయి కదా" అంది. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

రెండు రోజుల తర్వాత సంతకం పెట్టి 95,000 యెన్‌లు అడ్వాన్సు కట్టాను. పని జనవరిలో మొదలవుతుందన్నారు. అప్పటిదాకా చేసేది పొడి పని మాత్రమే, అంటే మెత్తటి కుంచెతో బూజు దులపడం, ఆరబెట్టడం. నాకు మూడు నెలలు ఊరికే ఎదురుచూడడం. పెద్దాయన నా ముఖం చూసి, "ఈలోగా వెళ్ళి అసలుది చూసిరండి" అన్నాడు.

అసలుది అంటే సెష్షూ అనే పాతకాలపు జపాన్ చిత్రకారుడు వేసిన పొడవాటి కొండల పటం. ఒబాచాన్ తాతగారు నకలు తీసింది దాని మొదటి భాగానికేనట. అది పడమటి దిక్కున, యమగుచి రాష్ట్రంలో హోఫు అనే ఊళ్ళో, మోరి మ్యూజియంలో ఉంది. ఏడాదంతా చూపించరు, శరదృతువులో కొన్ని వారాలే. నవంబరు 25న వెళ్ళాను. క్యోటో నుంచి షిన్‌కాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, షిన్-యమగుచికి రెండు గంటల పైనే, అక్కడ లోకల్ రైలు మారి హోఫు. రానూపోనూ ఖర్చు ముప్పై వేల యెన్‌ల దగ్గరికి వచ్చింది. ఈ ఖర్చు ఎవరి అంచనాలోనూ ఉండదు, కానీ నేను పెట్టిన డబ్బులో దీనికే ఎక్కువ విలువ దక్కింది అనిపిస్తుంది.

1916లో పూర్తయిన మోరి వంశం వాళ్ళ పాత భవనంలో ఒక భాగమే మ్యూజియం. బయట తోటలో ఎర్రటి మేపుల్ చెట్లు, జనం అంతా అక్కడే ఫోటోలు. లోపల అద్దాల బీరువాలో పదహారు మీటర్ల పటం మొత్తం పరిచి ఉంది. 1486లో, తన 67వ ఏట వేశానని సెష్షూ చివర్లో తనే రాసుకున్నాడు. కుడివైపు మొదలుపెట్టి జనం వెంట అడుగులో అడుగు వేసుకుంటూ కదలాలి. వసంతంతో మొదలై మంచు కప్పిన కోటగోడలతో చలికాలం దగ్గర ముగుస్తుంది. రాళ్ళని గొడ్డలితో నరికినట్టు మొద్దు గీతలతో వేశాడు, మనుషుల్ని మాత్రం వేలిగోరంత చేసి రెండు మూడు గీతల్లో తేల్చేశాడు. అయినా ఎవరు అలిసిపోయారో, ఎవరు కబుర్లు చెప్పుకుంటున్నారో తెలిసిపోతుంది. పటంలో శరదృతువు దగ్గర ఒక చోట జనం గుమిగూడి ఉంటారు, అక్కడ నా ముందున్నావిడ పది నిమిషాలు కదల్లేదు, నాకూ కదలాలనిపించలేదు.

నాకు కావలసిన మనుషులు మొదట్లోనే కనిపించారు. రాళ్ళ దారి ఎక్కుతున్న పెద్దమనిషి, వెనక పిల్లవాడు. కళ్ళు చెమర్చాయి. మన తాతగారి గీత వణికింది, రాళ్ళు బొద్దుగా వచ్చాయి, కానీ నడక మాత్రం పట్టుకున్నాడు. నకలు అంటే చిన్నచూపు ఉండేది నాకు. 1593లో ఉన్‌కోకు తోగన్ అనే చిత్రకారుడు ఈ పటానికే నకలు తీస్తే, మోరి ప్రభువు మెచ్చుకుని సెష్షూ ఉన్న కుటీరాన్నీ ఈ అసలు పటాన్నీ కూడా అతనికి ఇచ్చాడట. నకలు తీయడం అంటే ఒక గురువు చేతిని పట్టుకుని నడవడం అని అక్కడ నిలబడితే అర్థమైంది. గంటన్నర ఉన్నాను. రెండోసారి మొదట్నుంచి చూద్దామంటే రైలు టైమైంది.

2024 జనవరి 27న దుకాణానికి పిలిచారు, జిగురు కాచే రోజు చూస్తారా అని. ఏడాదిలో అతి చలి రోజుల్లోనే కాస్తారు, నీళ్ళు చెడకుండా ఉంటాయని. గోధుమ పిండిలోంచి తీసిన గంజిపొడిని పెద్ద గిన్నెలో పోసి, కర్రతో ఆపకుండా కలుపుతూనే ఉన్నారు. చలికి నా చెవులు పోయాయి, వాళ్ళకి చెమటలు. కాచిన దాన్ని మట్టి జాడీలో పోసి చల్లటి చీకటి చోట దాదాపు పదేళ్ళు ఉంచుతారట. ప్రతి చలికాలం మూత తీసి, పైన పట్టిన బూజు తీసేసి నీళ్ళు మారుస్తారు. దాన్ని ఫురునోరి, పాత జిగురు అంటారు. పదేళ్ళకి దాని పట్టు తగ్గిపోతుంది. తగ్గడమే కావాలి, ఎందుకంటే గట్టి జిగురు పటాన్ని బిరుసు చేస్తుంది, చుట్టినప్పుడల్లా విరుగుతుంది. బొమ్మకి నేరుగా తగిలే మొదటి పొరకి మాత్రం తాజా జిగురు వాడతారు, ఆ పైవాటికి పాతది. నా పటానికి వాడేది 2013 చలికాలంలో కాచిన జాడీ అని చూపించారు. అప్పటికి నేను జపాన్ పేరు మ్యాపులో తప్ప చూడలేదు.

"మీ దేశంలో దేనితో అంటిస్తారు?" అని పెద్దాయన అడిగాడు. నాది సిద్దిపేట వైపు. మా చేర్యాల పటాల సంగతి చెప్పాను. ఆ పటాలు వేసే నకాషీలు ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, తిరుమణి బంక కలిపి పూతలు పూస్తారని. ఆయన చెయ్యి ఆపి, "చింతగింజ" అనే మాట రెండుసార్లు నాతో పలికించుకున్నాడు. తెల్లమట్టి అనగానే లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చాడు, నారా కొండల్లో యోషినో దగ్గర చేసే ఉదా కాగితం, వేలాడదీసే బొమ్మలకి చివరి పొరగా వేస్తారు. దాంట్లోనూ తెల్లమట్టే కలుపుతారట. ఇద్దరం ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూస్తూ నిలబడ్డాం. మా పటం నిలువుగా విప్పుతారు, రాత్రిపూట ఊరంతా కూర్చుని ఉంటే కథకుడు పాడుతూ చూపిస్తాడు, పటం పాతబడి చిరిగితే నీళ్ళలో కలిపి కొత్తది వేయించుకునేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు అన్నాను. నీళ్ళలో కలపడం విని ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మేము దాన్ని నీళ్ళలోనే కదా బాగు చేస్తాం" అన్నాడు.

ఫిబ్రవరిలో అసలు పని. ముందు రంగులు కారతాయేమోనని ఒక్కో రంగునీ తడి దూదితో పరీక్షించారు. ఊడేలా ఉన్న చోట్ల పలుచని జంతుజిగురు నీళ్ళు కుంచెతో తాకించి ఆరబెట్టారు. నేను టిష్యూతో లాగేసిన నీలం దగ్గర ఇదే రెండు రోజులు పట్టిందట. ఆ తర్వాత తొమ్మిది కాగితాలూ అతుకుల దగ్గర విడదీసి, కింద పీల్చే కాగితం వేసి, పైన నీళ్ళు తుంపరగా చల్లారు. కింది కాగితం టీ డికాక్షన్ రంగుకి మారింది. ఆ మరక కాగితాలు నాకు చూపించారు, వందేళ్ళ మురికి అలా దిగింది. తర్వాత బొమ్మని బోర్లా పెట్టి, పాత వెనక పొరని తడిపి, వేలికొనతో, పట్టుకారుతో గింజంత గింజంత తీయడం. తొందరపడితే బొమ్మ కాగితం కూడా వచ్చేస్తుంది. ఒక్కో కాగితానికి ఒక రోజు, కొన్నింటికి రెండు. మనం కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఈ గోటిపనికే వెళ్తుంది, అంచనా కాగితంలో మాత్రం ఇది ఒకే ఒక్క వరుస.

మార్చి 1న ఫోన్. "రేపు రాగలరా, ఒకటి చూపించాలి." నాకు కాళ్ళు చల్లబడ్డాయి, ఏదో చిరిగిందనుకున్నాను. వెళ్ళేసరికి నాలుగో కాగితం, ఐదో కాగితం బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. మామూలుగా అతుకులో ఒక కాగితం ఇంకోదాని మీదికి మూడు మిల్లీమీటర్లు ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం వెనకటి రిపేరులో సెంటీమీటరు దాకా ఎక్కించేశారట, నాలుగో కాగితం అంచు తడిసి పీచులు లేచిందని కాబోలు. విడదీస్తే, డెబ్బై ఏళ్ళు మూసుకుపోయిన ఆ సన్నటి అంచు బయటపడింది. చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగినా అది మాత్రం లేత రంగులో ఉంది. దాని మీద ముసలాయన కర్ర చివర. కర్ర చివర ఒక రాయిని తాకుతోంది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఒబాచాన్ మాట గుర్తొచ్చి చెప్పాను. పెద్దాయన తన కూతురి వైపు చూశాడు, ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది. పీచులు లేచిన అంచుని వెనక నుంచి గట్టిపరిచి ఈసారి మూడు మిల్లీమీటర్లే ఎక్కిస్తామన్నారు. అంచు లేత రంగు చుట్టూ ఉన్నదానితో కలవదు, సన్నటి నిలువు పట్టీలా కనిపిస్తుంది, ఫర్వాలేదా అని అడిగారు. అక్టోబరులో అయితే కలిసేలా రంగు వేయమనేదాన్ని. అలాగే ఉంచండి అన్నాను.

ఆ తర్వాత కథ అంతా ఆరడమే. కన్నాలకి ముక్కలు పెట్టి, మొదటి పొరగా మినో కాగితం, దాని మీద ఆల్చిప్పల పొడి కలిపిన మిసు కాగితం పాత జిగురుతో వేసి, బరువైన కుంచెతో టపటపా కొడతారు, జిగురు నారల్లోకి దిగాలని. తర్వాత కారిబారి అనే బల్లకి అంచులు మాత్రం అంటించి నిలబెడతారు. పచ్చి పండ్ల రసం, మనం తునికి అనే చెట్టు జాతికి చెందిన కకి కాయల రసం, పూసి పూసి చేసిన బల్ల అది. ఏప్రిల్ చివరికి ఇస్తామన్నవాళ్ళు ఏప్రిల్‌లో ఫోన్ చేసి ఇంకో నెల పైనే పడుతుందన్నారు. ఈసారి వసంతంలో గాలి రోజుకో రకంగా ఉంది, పొడి రోజులూ తడి రోజులూ రెండూ బల్ల మీదే చూడనివ్వాలి, లేకపోతే మీ ఇంట్లో వంకర తిరుగుతుంది అన్నారు. నాకు కోపం వచ్చింది, దాచడం ఎందుకు. ఆశ్రమం నుంచి ఒబాచాన్‌కి జలుబు చేసిందని కబురు వచ్చిన వారం అది. ఏమైనా అయితే అన్న భయం. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ తొందరపెట్టలేదు, పెట్టి ఉంటే ఏమయ్యేదో ఒషిఇరెలో చూసే ఉన్నాను కదా.

మేలో అదనపు ఖర్చులు రెండు వచ్చాయి. పటాన్ని సన్నటి కర్రకి బిగుతుగా చుడితే మడతలు పడతాయని, చూడనప్పుడు ఫుతొమాకి అనే లావుపాటి చెక్క గొట్టం మీద వదులుగా చుట్టి ఉంచాలి, దానికి 22,000. అది పట్టడానికి కిరి చెక్కతో కొత్త పెట్టె, 27,500. మొత్తం 3,35,500 యెన్‌లు. పాత పెట్టె మీద తాతగారి చేతిరాత ఉందని దాన్ని కూడా శుభ్రం చేసి ఇచ్చారు, దానికి డబ్బు తీసుకోలేదు.

జూన్ 8, శనివారం, ముసురు మొదలవకముందే పటం ఇంటికి వచ్చింది. దాంతో పాటు ఒక లావు కవరు, అందులో తీసేసిన పాత పొరల ముక్కలు, పాత తాడు, ప్రతి దశలో తీసిన ఫోటోలు, ఏ కాగితం ఏ జిగురు ఎక్కడ వాడారో రాసిన పట్టిక. తర్వాత విప్పేవాళ్ళ కోసమట, పటంతోనే ఉండాలి. పెద్దాయన చెప్పిన జాగ్రత్తలు ఇవీ. ప్లాస్టిక్ ఎప్పటికీ వద్దు. పెట్టె పై అరలో, బయటి గోడకి దూరంగా. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో, వరసగా రెండు రోజులు ఎండ కాసిన తర్వాత, ఏడాదికోసారి తప్పకుండా విప్పి గాలి తగలనివ్వాలి. ఎండలో కాదు, నీడలో. తాడు బిగించి కట్టొద్దు. దేనికీ సెల్లోటేపు వద్దు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి.

మరకలు ఉన్నాయి. నా టిష్యూ మసక లేతబడింది గానీ పోలేదు, ఎక్కడుందో నాకు తెలుసు, చూపు నేరుగా అక్కడికే పోతుంది. పిల్లవాడి ముఖంలో సగం ఖాళీ. కానీ కాగితం చేతిలో బట్టలా వంగుతోంది, విప్పుతుంటే చప్పుడు కూడా లేదు.

జూన్ 15న ఆశ్రమానికి తీసుకెళ్ళాను. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, మాస్క్ పెట్టుకోవాలి, అరగంటే టైము. అక్కడ పనిచేసే అమ్మాయి రెండు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒబాచాన్ పలకరింపులన్నీ పక్కన పెట్టి ముందు ఆ టీ కప్పులు తీయించేసింది. నా గడియారం, ఉంగరం విప్పమంది. ఆవిడ ఎడమ చేతికి ఇప్పుడు పట్టు లేదు, అందుకని నేను ఆవిడ ఎడమ పక్కన కూర్చుని విప్పుతుంటే కుడివైపు ఆవిడ చుడుతూ వచ్చింది. మొదట్లో నేను తొందరగా విప్పేస్తున్నానని రెండుసార్లు నా చెయ్యి ఆపింది.

నాలుగో కాగితం చివరికి వచ్చాం. నేను ఏమీ చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వంగింది. వేలు పటానికి తగలకుండా పైనే ఆపి, ముసలాయన చేతి దగ్గర్నుంచి కర్ర వెంట కిందికి తెచ్చింది, రాయి దగ్గర ఆగింది.

"మా నాన్నకి చెప్పాను అప్పుడే," అంది. "నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తుండదు అన్నాడు."

అరగంట అయిపోయిందని ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. మాకు ఇంకా ఐదు కాగితాలు మిగిలే ఉన్నాయి. వచ్చే శనివారానికి అపాయింట్‌మెంట్ రాయించుకుని, ఇద్దరం కలిసి మొదటిదాకా వెనక్కి చుట్టాం.